మూడు సూత్ రాడ్డు, ఎనిమిది చుట్లు

ఇంట్లో చెక్కపని మొదలుపెట్టినవాళ్ళు జిగ్గుల (కోతకు చెక్కను పట్టి నడిపించే చట్రాల) నమూనాలు ఎక్కువగా అమెరికా, కెనడాల నుంచే పట్టుకొస్తారు. ప్లైవుడ్‌తో పేచీ లేదు. చిక్కంతా ఇనప సామాను దగ్గరే. వాళ్ళది అంగుళాల లెక్క, మన షాపుల్లో ఎక్కువగా దొరికేది మిల్లీమీటర్ల సరుకు. ‘అలాంటిదే’ ఒకటి తెచ్చి బిగిస్తే జిగ్గు చూడ్డానికి బాగానే ఉంటుంది, కోతే కుదరదు.

పెట్టె మూలల్ని పళ్ళుపళ్ళుగా కోసి కలిపే బాక్స్ జాయింటునే తీసుకోండి. దీనికి త్రెడ్ రాడ్డు తిప్పుతూ చెక్కను కొద్దికొద్దిగా జరిపే జిగ్గు చేసుకుంటారు. కెనడాకు చెందిన మథియాస్ వాండెల్ అయితే దానికి చెక్క పళ్ళచక్రాలు కూడా తగిలించాడు. అంత హంగు అక్కర్లేదు, చేత్తో చుట్లు లెక్కపెట్టుకున్నా చాలు.

అమెరికన్ 3/8 అంగుళం రాడ్డుకు అంగుళానికి 16 త్రెడ్లు. పావంగుళం రూటర్ బిట్టుతో కోస్తే పన్ను, సందు కలిపి అరంగుళం, అంటే సరిగ్గా 8 చుట్లు. మనవాళ్ళు దాని బదులు 10 మి.మీ. రాడ్డు వేస్తారు. చేతిలో పట్టుకుంటే రెంటికీ తేడా తెలియదు. కానీ మామూలు ఎం10 రాడ్డు చుట్టుకి 1.5 మి.మీ. జరుగుతుంది, 8 చుట్లకు 12. బిట్టు పాతదే ఉంచితే సందు 6.35, పన్ను 5.65 వస్తాయి. పెట్టె లొడలొడలాడుతుంది. రాడ్డుతోపాటు బిట్టు కూడా 6 మి.మీ.కి మారిస్తే మళ్ళీ 8 చుట్లకే లెక్క తేలుతుంది. ఒకటి మారిస్తే దాని జోడూ మారాలి.

బిట్టు మార్చడం ఇష్టం లేకపోతే సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి చోట ‘మూడు సూత్ రాడ్డు’ అడిగి చూడండి. సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. పాత విట్‌వర్త్ త్రెడ్‌లోనూ ఈ సైజుకు అంగుళానికి 16 చుట్లే. జిగ్గు గురించి షాపాయనకు కథంతా చెప్పనక్కర్లేదు. సైజు, త్రెడ్ చెబితే ఆయన చెయ్యి నేరుగా ఆ డబ్బా మీదికే పోతుంది. నట్టు మాత్రం అక్కడే ఎక్కించి చూసుకోవాలి. రెండున్నర సూత్ రాడ్డుకు 8 మి.మీ. నట్టు ఒకటి రెండు చుట్లు బుద్ధిగా ఎక్కి, ఆ తర్వాత పట్టేస్తుంది. బలవంతం చేస్తే రెండూ పాడు.

రాడ్డు చివర తిరగడానికి 10 మి.మీ. బోరున్న 6200 బేరింగు సరిపోతుంది. జారకుండా అటూ ఇటూ ఒక్కో నట్టు. తిప్పడానికి పిడి కొనడం ఎందుకు, టేకుముక్కలో నట్టు దిగ్గొట్టి ఎపాక్సీ పోస్తే చాలు. నట్టులో ఎంతో కొంత లూజు ఎలాగూ ఉంటుంది కాబట్టి కోతకు ముందు రాడ్డును ఎప్పుడూ ఒకే వైపు తిప్పుతూ రావాలి. దాటిపోతే ఒక చుట్టు పూర్తిగా వెనక్కి తీసి మళ్ళీ రావాలి.

రాడ్డును మీటరు పొడవున అమ్ముతారు. హ్యాక్సాతో కోసేముందు, మనం వాడుకునే ముక్క మీదికి ఒక నట్టు ఎక్కించి ఉంచండి. కోశాక దాన్ని కోసిన కొసమీదుగా బయటికి తిప్పి తీస్తే నలిగిన త్రెడ్ దానంతటదే సరవుతుంది.