వేషం మారితే తీర్పు మారే తీరు: ‘కన్యాశుల్కం’లో సామాజిక సందర్భం

గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ (తొలి కూర్పు 1897, మలి కూర్పు 1909) పాత్రలను స్వభావాన్ని బట్టి విభజించి చూడడం విమర్శలో తరచుగా కనిపించే పద్ధతి. గిరీశం కపటి, లుబ్ధావధాన్లు పిసినారి, అగ్నిహోత్రావధాన్లు కోపిష్ఠి, సౌజన్యారావు పంతులు సజ్జనుడు. పాత్రల పేర్లు కూడా ఈ విభజనకు తోడ్పడుతున్నాయి. అయితే 1909 నాటి కూర్పులోని కథాగమనం ఈ పేర్లు చెప్పేదానికి భిన్నంగా నడుస్తుంది. వ్యక్తి మారకుండానే సందర్భం మారినప్పుడు అతని మాట, నడత, ఇతరులపై అతడిచ్చే తీర్పు ఎలా మారతాయో నాటకం చూపుతుంది. ఆ కోణాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

ప్రవర్తన వ్యక్తి, పరిసరం రెండింటి ఫలితమని కర్ట్ లెవిన్ 1936లో సూత్రీకరించాడు. ఇతరుల చేష్టలకు కారణం వెతికేటప్పుడు పరిస్థితిని తక్కువగా, స్వభావాన్ని ఎక్కువగా లెక్కించే పొరపాటును లీ రాస్ 1977లో మౌలిక ఆరోపణ దోషంగా గుర్తించాడు. దుర్మార్గుల వల్లనే దురాచారం నిలిచిందనుకునే పాఠకుడు చేసే పొరపాటు కూడా ఇదే.

ఆచారం, వ్యక్తి

విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో 1,034 శుల్క వివాహాలు నమోదైనట్లు తొలి కూర్పు పీఠికలో గురజాడ పేర్కొన్నాడు. సగటున ఏడాదికి 344. ఇన్ని ఇళ్లలో జరిగిన పనిని కొందరి దురాశగా మాత్రమే వివరించడం సాధ్యం కాదు. పెద్ద కూతురు బుచ్చమ్మ వైధవ్యం కళ్లెదుటే ఉన్నా అగ్నిహోత్రావధాన్లు చిన్నకూతురు సుబ్బిని వృద్ధుడికి ఇవ్వబూనుతాడు. భార్య నూతిలో దూకినా అతని పట్టు సడలదు. చుట్టూ అందరూ చేస్తున్న పని కనుక అది అతనికి తప్పుగా తోచదు.

గిరీశం మాటలు ఎదుటివారిని బట్టి మారతాయి. బుచ్చమ్మ వద్ద వితంతు వివాహవాది, అగ్నిహోత్రావధాన్ల వద్ద వైదికాచార ప్రశంసకుడు, దావాల సహాయకుడు. దీన్ని కపటమనడం సబబే. కానీ ఆ కపటానికి గిరాకీ ఎక్కడిది? వెంకటేశంతో అతడు మాట్లాడే అర్థంలేని ఇంగ్లీషును విని ఇంటివారు మురిసిపోతారు. ఆ మాటలకు విలువ వచ్చింది అర్థం వల్ల కాదు, ఆనాడు ఇంగ్లీషుకున్న ప్రతిష్ఠ వల్ల.

రెండు వేషాలు

నాటకంలోని రెండు మారువేషాలు ఈ దృష్టితో కీలకమైనవి. మొదటిది కరటకశాస్త్రి శిష్యుడు ధరించిన ఆడపిల్ల వేషం. బేరం, పెళ్లి, పురోహితుడు, బంధువులు అన్నీ యథావిధిగా అమరడంతో పెళ్లికూతురు ఎవరన్న ప్రశ్న ఎవరికీ రాదు. ఆ ‘పిల్ల’ మాయమైన తర్వాత ఎన్నడూ లేని బాలికను చంపాడన్న నేరం లుబ్ధావధాన్లపై పడుతుంది. వదంతి అభియోగంగా మారడానికి సాక్ష్యం కంటే ముందు, ముసలి వరుడు, పసి వధువు అనే పరిచిత చిత్రమే చాలింది. పిసినారిగా నవ్వించిన మనిషి ఇక్కడ సమష్టి భ్రమకు బలిపశువవుతాడు.

రెండోది మధురవాణి పురుషవేషం. వేశ్యల ముఖం చూడరాదన్న నియమం గల సౌజన్యారావు పంతులు ఆ రూపంలో వచ్చిన అతిథితో నిస్సంకోచంగా మాట్లాడతాడు. ఆమె ఎవరో తెలిసిన క్షణంలో ఆయన ధోరణి మారుతుంది. అంతకు ముందు విన్న తెలివి, వివేకం ఆమెవే. మారింది ఆమెకు సమాజం అంటించిన పేరు మాత్రమే. కపటి ఒక్కడే కాదు, నిష్కపటి అయిన సంస్కర్త తీర్పు కూడా సందర్భానికి లోబడినదేనని ఈ ఘట్టం నిరూపిస్తుంది. గిరీశాన్ని సంస్కర్తగా నమ్మిన వాడూ, మధురవాణిని చూడకుండానే నిరాకరించిన వాడూ ఆయనే. ఆ రెండు తీర్పులకూ ఆధారం వ్యక్తి కాదు, ముద్ర.

పరిస్థితికి గల హద్దు

అయితే పరిస్థితే సర్వమని నాటకం చెప్పదు. అందరికంటే ఇరుకైన స్థితిలో ఉన్నది మధురవాణి. లుబ్ధావధాన్లను కాపాడే రహస్యం చెప్పినందుకు ముద్దు కోరి, పంతులు అందుకు సిద్ధపడినప్పుడు, చెడనివారిని చెడగొట్టరాదన్న తల్లి మాటను పాటించి తానే ఆగిపోతుంది. ఇక్కడ ఎంపిక ఆమెదే. పంతులు కూడా తన నియమం దాటి ఆమెకు భగవద్గీత ఇస్తాడు. ముద్రను దాటి మనిషిని చూడడానికి ఆయనకు తోడ్పడినది ఉపన్యాసం కాదు, ముఖాముఖి సంభాషణ.

ఈ విధంగా చూసినప్పుడు ‘కన్యాశుల్కం’ దుష్టుల ప్రహసనంగా మిగలదు. గిరీశాన్ని చూసి నవ్విన పాఠకుడు సౌజన్యారావు పంతులు వద్దకు వచ్చేసరికి తన తీర్పులకు ఆధారమేమిటో ప్రశ్నించుకోవలసి వస్తుంది. దురాచారాన్ని కొందరి స్వభావానికి అంటగడితే మిగిలిన సమాజం నిర్దోషిగా తప్పుకొంటుంది. ఆ వెసులుబాటును గురజాడ ఎవరికీ ఇవ్వలేదు.