సర్కారు చెప్పిన సగం

యుద్ధానికి ముందు ప్రతి ప్రభుత్వమూ ఒక కారణం చెబుతుంది. నమ్మితే దేశభక్తి, అడిగితే ద్రోహం. అడిగినవాడు ముస్లిం అయితే ఇక చెప్పనక్కర్లేదు. సబూత్ చూపమన్న మమ్మల్నే మా వఫాదారీకి సబూత్ చూపమంటారు. అందుకే ఈ మాట మా ఊరి పక్క చరిత్రతోనే మొదలుపెడుతున్నాం.

మా కల్లూరు ఇవాళ కర్నూలు నగరంలో కలిసిపోయింది. ఆ కర్నూలును 1839 దాకా నవాబులు ఏలారు. ఆఖరి నవాబు గులాం రసూల్ ఖాన్. నిజాం తమ్ముడు ముబారిజుద్దౌలాతో కలిసి వహాబీ కుట్ర చేస్తున్నాడనీ, ఖిలాలో ఆయుధాలు పోగేశాడనీ ఈస్టిండియా కంపెనీ ఆరోపించింది. ఫౌజు దిగింది. ఖిలాలో ఫిరంగులు, మందుగుండు బయటపడ్డాయని కంపెనీ అధికారులు రాశారు. అక్టోబరు 18న జోహరాపురం దగ్గర పోరు జరిగింది. నవాబును పట్టుకుని తిరుచిరాపల్లికి పంపారు. 1840లో అక్కడే హత్యకు గురయ్యాడు. కర్నూలు కంపెనీ పాలైంది.

ఆయుధాలు దొరకలేదని మేము వాదించం. అవి ఎవరి మీద పేల్చడానికి అన్నదే ప్రశ్న. ఆరోపించిందీ కంపెనీయే, సోదా చేసిందీ కంపెనీయే, విచారించిందీ కంపెనీయే. చివరికి రాజ్యం దక్కిందీ కంపెనీకే. ఇలాంటి తీర్పును నమ్మడానికి ఆధారమేమిటి? నవాబును ఆకాశానికెత్తే పని మాకు లేదు. దూదేకులకూ, కసాయిలకూ, ఫకీర్లకూ ఏ నవాబు ఖజానాలోనూ వాటా లేదు.

కంపెనీ పరాయిది, అలాగే చేస్తుంది అనుకుందాం. మరి మన సర్కారు? 1948లో తుంగభద్ర అవతలి ఒడ్డు నిజాం రాజ్యం. రజాకార్ల అకృత్యాలు అబద్ధం కాదు. ఉర్దూ పత్రిక 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను ఆ ఆగస్టులో చంపింది వాళ్లే. హైదరాబాద్ మీద భారత ప్రభుత్వం శ్వేతపత్రం అచ్చువేసింది. సెప్టెంబరు 13న సైన్యం కదిలింది. ట్యాంకులతో, విమానాలతో అయిదు రోజులు సాగిన ఆ దాడికి పెట్టిన పేరు 'పోలీసు చర్య'. పోలీసు చర్యలో చచ్చినవాళ్ల లెక్క ఎవరడుగుతారు?

లెక్క కట్టినవాళ్లు ఉన్నారు. నెహ్రూ పంపిన పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్‌ల బృందం జిల్లాలు తిరిగింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ఎక్కువ ఘోరం జరిగిందని రాసింది. మొత్తం మీద 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా కట్టింది. ఆ నివేదికను ప్రభుత్వం అచ్చువేయలేదు. 2013లో గానీ ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో అది పాఠకుల చేతికి రాలేదు. దాడికి కారణాలు దాడికి ముందే అచ్చయ్యాయి. దాడి తర్వాత జరిగింది అరవై ఏళ్లకు పైగా పెట్టెలో ఉండిపోయింది.

లౌకికవాద మిత్రులారా, మీరు రజాకార్ల గురించి రాశారు. రాయాల్సిందే. ఈ రెండో సగం దగ్గర మీ కలాలు ఎందుకాగాయి? నిజాం జమానాను తలచుకుని కన్నీళ్లు పెట్టే మా పెద్దల్నీ ఒకటి అడుగుతున్నాం. షోయబుల్లా ఖాన్ మీకు గుర్తున్నాడా? ఎవరికి నచ్చిన సగం వాళ్లు దాచుకుంటే సర్కారుకు పని తేలికవుతుంది.

ఇరాక్ విషయంలో ఆ సగమూ లేదు. 2003 ఫిబ్రవరిలో అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ ఐక్యరాజ్యసమితిలో ఫోటోలు చూపి సామూహిక మారణాయుధాలున్నాయన్నాడు. మార్చిలో బాంబులు పడ్డాయి. ఆ ఆయుధాల నిల్వలు లేవని 2004లో అమెరికా పంపిన తనిఖీ బృందమే తేల్చింది. అప్పటికి బాగ్దాద్ అమెరికా సైన్యం చేతిలో ఉంది.

ప్రభుత్వం చెప్పేదంతా అబద్ధమని మేము అనడం లేదు. అలా అనడమూ గుడ్డి నమ్మకమే. కారణం నిజమైనా, ఆ పేరుతో చేసిన ప్రతి పనీ న్యాయమైపోదు అంటున్నాం. కారణాన్ని అచ్చువేసిన సర్కారు ఫలితాన్నీ అచ్చువేయాలి. ఆరోపించినవాడు కాక మరొకడు విచారించాలి. ఇది అడిగే హక్కు ఈ దేశంలో అందరికీ ఉంది, మాకూ ఉంది. అడిగినప్పుడు మా పేరు చూడకండి, ప్రశ్న చూడండి.