గరివిడి దాకా రాని ‘స్థానికత’: విశాఖ వాణిజ్య ఎఫ్.ఎం. చరిత్రపై ఒక పరిశీలన

వాణిజ్య ఎఫ్.ఎం. రేడియోపై తెలుగులో తరచుగా వినిపించే విమర్శ భాషకు సంబంధించినది. వ్యాఖ్యాతల సంకర భాష, అదుపులేని వేగం, పాటకూ పాటకూ మధ్య అర్థంలేని సంభాషణ ఆ విమర్శకు లక్ష్యాలు. అది అసత్యం కాదు గాని, అంతకంటే మౌలికమైన ప్రశ్నను మరుగుపరుస్తున్నది. తమను తాము ‘స్థానిక’ కేంద్రాలుగా చెప్పుకొనే ఈ ప్రసారాలలో స్థానికత అంటే ఏమిటి? దాని సరిహద్దులను నిర్ణయించినది ఎవరు? ఈ ప్రశ్నను విశాఖపట్నంలో నిలబడి అడిగితే ఒక సమాధానం, రోడ్డు మార్గాన సుమారు 80 కిలోమీటర్ల దూరంలోని గరివిడిలో నిలబడి అడిగితే మరొక సమాధానం లభిస్తాయి.

ఉత్తరాంధ్రలో రేడియో చరిత్ర ప్రధానంగా 1963లో ప్రారంభమైన ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రంతో ముడిపడి ఉన్నది. వాణిజ్య ఎఫ్.ఎం. దాదాపు నాలుగు దశాబ్దాల తరువాత వచ్చింది. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో చెప్పిన తీర్పు ప్రైవేటు రేడియోకు నైతిక భూమికను సమకూర్చింది. అయితే 1999లో రూపొందిన తొలి విధానం ఆ ఆస్తిని వేలంపాటకు పెట్టింది. 40 నగరాలలో 108 ఛానళ్లను ప్రకటించగా, ఏటా 15 శాతం చొప్పున పెరిగే లైసెన్సు రుసుము భారాన్ని తట్టుకొని ప్రసారానికి నిలిచినవి 12 నగరాలలో 21 మాత్రమే. ఆ పన్నెండింటిలో విశాఖపట్నం ఒకటి. హైదరాబాదు ఆ జాబితాలో లేదు. అంటే ప్రైవేటు ఎఫ్.ఎం. శ్రోతృత్వం తెలుగునాట రాజధానిలో కాక తీరనగరంలో మొదలయింది. తెలుగు మాధ్యమ చరిత్రలో ఈ విశేషానికి తగిన గుర్తింపు లభించలేదు.

2005 నాటి రెండవ దశ విధానం స్థిర రుసుమును తొలగించి, ఒకసారి చెల్లించే ప్రవేశ రుసుమునూ, స్థూల ఆదాయంలో 4 శాతం వాటానూ ప్రవేశపెట్టింది. విశాఖలో రేడియో మిర్చి, బిగ్ ఎఫ్.ఎం. వంటి జాతీయ సంస్థలు అడుగుపెట్టినవి ఈ దశలోనే. సన్ సంస్థకు చెందిన ఎస్ ఎఫ్.ఎం. తరువాత రెడ్ ఎఫ్.ఎం. పేరు ధరించింది. పేర్లు మారినా పాటల జాబితాల స్వభావం పెద్దగా మారలేదు.

ఈ విధానాల పొడవునా నగరాన్ని నిర్వచించినది జనాభా సంఖ్య. 10 లక్షలు, 3 లక్షలు, లక్ష వంటి అంతస్తుల ప్రకారం శ్రేణులు ఏర్పడి, శ్రేణిని బట్టి ప్రసార శక్తికి పరిమితులు వచ్చాయి. ఎఫ్.ఎం. తరంగాలు ప్రధానంగా చూపు సాగే సరళరేఖలో ప్రయాణిస్తాయి. కొండ అడ్డువస్తే బలహీనపడతాయి. విశాఖ నుంచి బయలుదేరిన రైలు విజయనగరం, నెల్లిమర్ల దాటి గరివిడి చేరేసరికి ప్రయాణికుడి ఫోనులోని నగర కేంద్రం నిలకడగా వినిపిస్తుందన్న హామీ ఏ లైసెన్సులోనూ లేదు. ప్రకటనకర్తకు కూడా ఆ హామీ అవసరం లేదు. అతడి దుకాణం విశాఖలోనే ఉన్నది.

అయినా గరివిడి ప్రాంతం ఈ ప్రసారాలలో పూర్తిగా లేదనడం సరికాదు. అది యాసగా ఉన్నది. ‘ఏటి’, ‘ఎల్తన్నావా’ వంటి పలుకుబడులు సినిమా హాస్యం నుంచి రేడియో హాస్యానికి నేరుగా దిగుమతి అయ్యాయి. ఆ పలుకు పలికేవాడు నవ్వించే పాత్ర. సమాచారం చెప్పే గొంతు మాత్రం ‘ప్రామాణిక’ భాషలోనే ఉంటుంది. శ్రీకాకుళం సమీపంలోని పర్వతాలపేటలో జన్మించిన గిడుగు రామమూర్తి వాడుక భాషకు రచనా గౌరవం కోసం పోరాడిన నేల ఇది. శతాబ్దం గడిచాక అదే నేల పలుకుబడి వాణిజ్య ప్రసారంలో వినోద సామగ్రిగా మిగలడాన్ని యాస ప్రచారమని సంతోషించేవారితో ఏకీభవించడం కష్టం.

యాస విషయంలో కనిపించే ఈ విభజన వార్తల విషయంలో చట్టరూపం దాల్చింది. రెండవ దశలో ప్రైవేటు ఎఫ్.ఎం.కు వార్తలు పూర్తిగా నిషిద్ధం. 2011లో వచ్చిన మూడవ దశ విధానం ఆకాశవాణి వార్తలను మార్పు లేకుండా పునఃప్రసారం చేయడానికి అనుమతించింది. వీటికి తోడు వాహన రద్దీ, వాతావరణం, పరీక్షా ఫలితాలు, ఉద్యోగావకాశాలు, స్థానిక యంత్రాంగం అందించే విద్యుత్తు, నీటి సరఫరా ప్రకటనలు, ప్రకృతి వైపరీత్యాల సమాచారం వంటివి ‘వార్తలు కానివి’గా పరిగణింపబడ్డాయి. ఈ వర్గీకరణను గరివిడికి అన్వయించినప్పుడే దాని అసలు స్వరూపం బయటపడుతుంది. మాంగనీసు గనుల ప్రాంతంలో ఫెర్రో అల్లాయ్స్ కార్పొరేషన్ కర్మాగారం చుట్టూ పెరిగిన పట్టణం ఇది. ఒక టన్ను ఫెర్రోక్రోమ్ తయారీకి 3 వేల యూనిట్లకు పైగా విద్యుత్తు కావాలి. కనుక విద్యుత్ ధర ఇక్కడ ఇంటి బిల్లుకు మాత్రమే సంబంధించినది కాదు. కొలిమి వెలుగుతుందా, కార్మికునికి పని ఉంటుందా, బజారులో బేరం సాగుతుందా అన్నవి దానిపై ఆధారపడతాయి. నిబంధన ప్రకారం స్థానిక కేంద్రం కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పవచ్చు. కరెంటు ధర ఎందుకు పెరిగిందో, దానివల్ల కొలిమి ఎందుకు ఆగిందో తన విలేకరి ద్వారా చెప్పకూడదు. పత్రికకూ, టెలివిజనుకూ లేని ఈ ఆంక్షను ప్రశ్నిస్తూ కామన్ కాజ్ సంస్థ 2013లో సుప్రీంకోర్టును ఆశ్రయించింది.

వాణిజ్య కేంద్రాల నిస్సారతకు యాజమాన్యాల లాభాపేక్షనే ఏకైక కారణంగా చూపే విమర్శ ఈ కారణంగానే అసమగ్రం. లాభాపేక్ష ఉన్నది, కాదనలేము. కాని ఊరి బతుకును మాట్లాడే దారిని రాజ్యమే మూసివేసిన తరువాత పాటా, పరిహాసమే మిగులుతాయి. మూడవ దశ మరొక సడలింపు ఇచ్చింది. అంతకుముందు ఒక ప్రాంతంలోని చిన్న నగరాలకే పరిమితమైన ఉమ్మడి ప్రసారాన్ని, ఒక సంస్థ దేశవ్యాప్తంగా తన కేంద్రాలన్నింటికీ విస్తరించుకోవచ్చు. ఖర్చు తగ్గించే ఏర్పాటుగా ఇది సమర్థనీయమే. స్థానిక స్టూడియో అవసరాన్నే తగ్గించేది కూడా ఇదే.

ప్రత్యామ్నాయంగా సముదాయ రేడియోను చూపడం పరిపాటి. జహీరాబాదు ప్రాంతంలో దళిత మహిళలు 2008 నుంచి నడిపిన సంఘం రేడియో ఇందుకు తెలుగునాట గట్టి ఉదాహరణ. విద్యాసంస్థలు కూడా ఈ అనుమతికి అర్హమైనవే గనుక, పశువైద్య కళాశాల ఉన్న గరివిడికి ఆ మార్గం అసాధ్యం కాదు. అయితే వార్తలపై ఆంక్ష అక్కడా వెన్నంటే ఉంటుంది.

2022లో కేంద్ర మంత్రివర్గం చిన్న నగరాల వేలంలో పాల్గొనే సంస్థలకు కావలసిన నికర విలువను కోటిన్నర నుంచి కోటి రూపాయలకు తగ్గించింది. 2024 ఆగస్టులో 234 కొత్త నగరాలలో 730 ఛానళ్ల వేలానికి ఆమోదం తెలిపింది. ఆ జాబితాలో విజయనగరం, శ్రీకాకుళం ఉన్నాయి. ఆ కేంద్రాలు వెలిస్తే గరివిడికి వాణిజ్య రేడియో విశాఖ కన్నా ఎంతో చేరువకు వస్తుంది. కోటి రూపాయల స్థోమత గల జిల్లా వ్యాపారి ఎవరైనా వేలంలో నిలిస్తే, యాజమాన్యం కూడా తొలిసారి స్థానికం కావచ్చు. వార్తల నిబంధన అలాగే ఉంటే మాత్రం, విద్యుత్ నియంత్రణ మండలి కొత్త ధరల ఉత్తర్వు వెలువరించిన ఉదయం ఆ కేంద్రం వినిపించగలిగేది ఆకాశవాణి బులెటిన్‌లో ఉన్నంతవరకే. ఆ తరువాత మళ్లీ పాట.