ఎర్ర క్యాప్సూల్, నీలం క్యాప్సూల్

యునిసెఫ్ పేద దేశాలకు పంపే విటమిన్ ఎ క్యాప్సూల్‌ను ఒకసారి దగ్గరగా చూడాలి. మెత్తటి జెలటిన్ తొడుగు, లోపల నూనె, శనగగింజకు ఉన్నట్టు ఒక కొసన చిన్న ముక్కు. ఇది తొడుగుతో సహా మింగించే మందు కాదు. ఆ ముక్కును కత్తెరతో కత్తిరించి, మిగతా భాగాన్ని రెండు వేళ్లతో నొక్కితే నూనె చుక్కలుచుక్కలుగా బిడ్డ నాలుక మీద పడుతుంది. పసిపిల్ల గొంతుకు అడ్డం పడుతుందన్న భయం లేదు. చెంచా కడగక్కర్లేదు, నీళ్లు కాచి చల్లార్చక్కర్లేదు. కుళాయి లేని ఊళ్లో ఈ చివరి రెండూ ఎంత పెద్ద ఊరటో ఆ పని చేసేవాళ్లకే తెలుస్తుంది.

ఇక రంగులు. నీలం క్యాప్సూల్‌లో లక్ష యూనిట్లు ఉంటాయి. అది ఆరు నుంచి పదకొండు నెలల పిల్లలకు. ఎర్రదాంట్లో రెండు లక్షలు. అది ఏడాది నిండిన దగ్గర్నుంచి అయిదేళ్ల లోపు వాళ్లకు. వేసే మనిషికి అక్షరాలు రాకపోయినా రంగు చూసి ఎవరికి ఏది వెయ్యాలో చెప్పెయ్యగలదు. మోతాదు కొలిచే పని ఫ్యాక్టరీలోనే అయిపోయింది. ఊళ్లో చెయ్యాల్సింది కత్తిరించడం, ఆఖరి చుక్క దాకా పిండడం.

లెక్క కూడా ముచ్చటగా ఉంటుంది. రెండు లక్షల యూనిట్లంటే 60 మిల్లీగ్రాముల రెటినాల్. ఏడాది దాటిన బిడ్డకు రోజుకు కావలసింది 400 మైక్రోగ్రాములు. భాగిస్తే 150 రోజులు. తాగినదంతా ఒంటికి పట్టదు గానీ, పట్టినదాన్ని కాలేయం దాచుకుని నెలల తరబడి కొంచెం కొంచెంగా వదులుతుంది. సి విటమిన్‌తో ఈ పని కుదరదు, అది ఒంట్లో అంతకాలం నిలవ ఉండదు. కాలేయానికి ఉన్న ఈ గుణాన్ని ఆసరా చేసుకునే ఏడాదికి రెండుసార్లు వేస్తే చాలునన్న పద్ధతి పుట్టింది. ఏడాదికి రెండుసార్లంటే కొండల మీద ఊళ్లకైనా నడిచి వెళ్లొచ్చు. టీకాల్లా మంచుపెట్టె మొయ్యాల్సిన పని లేదు. ఎండ తగలకుండా, సీసా మూత బిగించి ఉంచుకుంటే చాలు. మరీ ఉక్కగా ఉంటే మాత్రం తొడుగులు మెత్తబడి ఒకదానికొకటి అంటుకుంటాయి.

కొలత ముందే అయిపోవడం ఎంత ముఖ్యమో మన దేశమే చూసింది. మన దగ్గర ఇచ్చేది సిరప్. తొమ్మిదో నెలలో ఒక మిల్లీలీటరు, ఆ తర్వాత ఆర్నెల్లకోసారి రెండు మిల్లీలీటర్లు. 2001 నవంబరులో అస్సాంలో పెద్ద ఎత్తున సిరప్ పోసినప్పుడు, అలవాటైన రెండు మిల్లీలీటర్ల చెంచా బదులు అయిదు మిల్లీలీటర్లు పట్టే కప్పు అందించారు. పిల్లలు జబ్బుపడ్డారని, కొందరు చనిపోయారని వార్తలొచ్చాయి. కారణం మందేనా అన్నది వివాదంగానే మిగిలింది. కానీ ఆ భయం మాత్రం తల్లుల్లో పాతుకుపోయింది. క్యాప్సూల్‌లో ఇలాంటి పొరపాటుకు చోటు తక్కువ. అందుకే దాని తయారీ అంటే నాకంత గౌరవం.

అయితే క్యాప్సూల్ తనంతట తాను బిడ్డను వెతుక్కుంటూ వెళ్లదు. ఆ మిగిలిన సగం పనితనం నేపాల్‌లో కనిపిస్తుంది. 1991లో సర్లాహీ జిల్లా అధ్యయనం విటమిన్ ఎ అందిన పిల్లల్లో మరణాలు 30 శాతం తగ్గాయని తేల్చింది. మరుసటి ఏడు జుమ్లా కొండల్లో 26 శాతం తగ్గుదల కనిపించింది. 1993లో ప్రభుత్వం కొన్ని జిల్లాల్లో కార్యక్రమం మొదలుపెట్టి, దాదాపు దశాబ్దంలో దేశమంతటికీ విస్తరించింది. అన్ని జిల్లాల్లో ఒక్కసారే మొదలుపెట్టకపోవడమే దీని బలమని నా అభిప్రాయం.

పని చేసేది మన ఆశా కార్యకర్తల్లాంటి మహిళా వాలంటీర్లు. వాళ్లను ఎన్నుకునేది ఊరి తల్లుల సంఘం. జీతం లేదు. వాలంటీరు చేతిలో ఉండేది తన వార్డు పిల్లల పేర్లున్న రిజిస్టరు, కత్తెర, సీసా. వైశాఖంలో ఒకసారి, కార్తీకంలో ఒకసారి పంపిణీ. కేంద్రానికి రాని పేర్లు రిజిస్టరులో ఖాళీగా కనిపిస్తాయి కాబట్టి, సాయంత్రం ఆ ఇళ్లకే వెళ్తుంది. తల్లి గడ్డి కోతకు వెళ్లిందా, బిడ్డను పుట్టింట్లో వదిలిందా, అత్తగారు మందు వద్దందా అన్నది పొరుగింటి మనిషికి ముందే తెలుసు. ఏడుస్తున్న బిడ్డకు వెంటనే పొయ్యకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. బిడ్డ కుదుటపడేదాకా ఆగి, ముక్కు కత్తిరించి, నోట్లో పిండి, మింగిందో లేదో చూసి, ఖాళీ తొడుగు సంచిలో వేసి, పేరు పక్కన గుర్తు పెడుతుంది. ‘ఇంటికిచ్చి పంపు, తర్వాత వేసుకుంటాం’ అన్నా ఇవ్వదు. ఈ పద్ధతితో నేపాల్‌లో పదిమంది పిల్లల్లో దాదాపు తొమ్మిది మందికి మందు అందిన సంవత్సరాలున్నాయి.

ఈ కథలో హైదరాబాద్‌కూ చోటుంది. జాతీయ పోషకాహార సంస్థ 1960ల చివర్లో చుట్టుపక్కల ఊళ్లలో చేసిన పరీక్షల ఆధారంగానే, పిల్లలు చూపు కోల్పోకుండా ఉండేందుకు 1970లో భారత ప్రభుత్వం కార్యక్రమం మొదలుపెట్టింది. అదే సంస్థ 1990లో వెలువరించిన మరో అధ్యయనంలో మరణాలు తగ్గినట్టు కనబడలేదు. ఆ తర్వాత ఉత్తర ప్రదేశ్‌లో పది లక్షల మంది పిల్లలపై జరిగిన పరీక్షా పెద్ద తేడా చూపలేదు. కాబట్టి ఎక్కడ లోపం తీవ్రంగా ఉందో చూసుకుని వెయ్యాలన్న వాదనకు బలముంది. చూపు సంగతిలో మాత్రం సందేహం లేదు. లోపమున్న బిడ్డకు రేచీకటి పోగొట్టడంలో దీని ఫలితం కొద్ది రోజుల్లోనే కనిపిస్తుంది.

ఆఫ్రికా దేశాల్లో అడ్డంకి వేరే చోట వచ్చింది. అక్కడ చాలాకాలం పోలియో చుక్కల కార్యక్రమంతో కలిపి క్యాప్సూల్ వేసేవారు. ఇంటింటికీ తిరిగే జట్టు ఎలాగూ ఉంది, ఖర్చు అదనంగా పెద్దగా ఉండదు. పోలియో తగ్గేకొద్దీ ఆ కార్యక్రమాలు చాలాచోట్ల తగ్గిపోయాయి, వాటితోపాటు క్యాప్సూల్ పంపిణీ కూడా తగ్గింది. ఆరో నెలలో అప్పట్లో మామూలు టీకా ఏదీ ఉండేది కాదు. దాంతో మొదటి నీలం క్యాప్సూల్‌కు సరిగ్గా ఆ వయసులో తల్లి ఆస్పత్రికి రావడానికి కారణమే ఉండేది కాదు. సియెర్రా లియోన్ దీనికి ఒక దారి వెతికింది. ఆరో నెలకు ప్రత్యేకంగా ఒక సందర్శన ఏర్పాటు చేసి, విటమిన్ ఎ వెయ్యడంతోపాటు, పాలకు తోడు తిండి పెట్టడం గురించీ, కుటుంబ నియంత్రణ గురించీ అదే పూట తల్లికి చెబుతున్నారు.