వేలిముద్రల వెనక అనుమానం

'తప్పు చేయనివాడికి భయమెందుకు?' ఆధార్ వివరాల గోప్యత గురించి అడిగితే వినిపించే జవాబు ఇది. పోలీసు సోదాల్లో మేం ముందే విన్న మాట. మా చెవికి అది ప్రశ్న కాదు, అనుమానం.

2018లో సుప్రీంకోర్టు 4-1 మెజారిటీతో ఆధార్ చట్టాన్ని చాలావరకు సమర్థించింది. సేకరించే సమాచారం స్వల్పమేనంది. విభేదించిన జస్టిస్ చంద్రచూడ్ అసలు సంగతి పట్టుకున్నారు: విడివిడి వివరాలన్నిటికీ ఒకే నంబరు వంతెనైతే మనిషి బతుకంతా ఏరి కూర్చవచ్చు. ఆ వంతెన మీదుగా ఎవరిని వెతుక్కుంటూ వస్తారన్నదే మా ప్రశ్న.

ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదని 2016 చట్టంలోని 9వ సెక్షనే చెబుతోంది. అయినా 2020 ఫిబ్రవరిలో ఆధార్ సంస్థ హైదరాబాద్ కార్యాలయం నుంచి 127 మందికి నోటీసులు వెళ్లాయి. పౌరసత్వం రుజువు చేసుకోమన్నాయి. గొడవయ్యాక, తప్పుడు పత్రాలపై పోలీసు నివేదిక వచ్చిందని, ఆధార్‌కూ పౌరసత్వానికీ సంబంధం లేదని సంస్థ వివరణ ఇచ్చింది. పౌరసత్వాన్ని నిరూపించలేని కార్డు దాన్ని శంకించడానికి మాత్రం పనికొచ్చింది!

పత్రాల సంగతే చూడండి. ఉర్దూలో ఒకే తీరున రాసే మా పేరు ఒకచోట మహమ్మద్, ఒకచోట మొహమ్మద్, మరోచోట ఎండీ. గుమాస్తా రాతలోని తేడాకు సంజాయిషీ మేం ఇచ్చుకోవాలి.

గోప్యత ఉన్నవాళ్ల విలాసం కాదు. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ప్రాథమిక హక్కన్నారు. మా వేలిముద్రలు తీసుకున్న రాజ్యం వాటిని ఏ చేతికి, ఏ పనికి ఇస్తోందో మాకు చెప్పి తీరాలి.