రంగు చూడని ఉస్తాద్

పాతబస్తీకి దక్షిణాన కాటేదాన్ గోదాముల కోసం సెకండ్ హ్యాండ్ ఫోర్క్‌లిఫ్ట్ కొనే సేఠ్ ముందు రంగు చూస్తాడు. వెంట వచ్చిన ఉస్తాద్ దాని జోలికే పోడు. రంగుదేముంది, నిన్న వేసిందే కావచ్చు. సరాసరి కింద కూర్చుని, ఫోర్కు వంపు తిరిగేచోట కాలిపర్ పెడతాడు. అసలు మందంలో 10 శాతం అరిగిందా, ఇక ఆ ఫోర్కు పనికిరాదు. బలంలో దాదాపు ఐదో వంతు పోయినట్టే. గొలుసు 3 శాతం సాగినా మార్చాల్సిందే.

తర్వాత బరువెత్తించి, ఇంజను ఆపించి, దూరంగా ఊరికే నిలబడతాడు. నాకు అన్నిటికంటే నచ్చేది ఈ నిలబడటమే. ఫోర్కులను ఎత్తే మాస్టు మెల్లగా జారుతోందంటే సీళ్లలోనో వాల్వులోనో లీకు. అవర్ మీటరుకు మాత్రం ఓ చూపు, అంతే. దాన్ని మార్చడం ఎంతసేపు!

“బ్యాటరీ బండి చవగ్గా వస్తోంది కదా ఉస్తాద్?”

“బ్యాటరీ పోతే చవకెక్కడిది సేఠ్! దాని బరువే బండికి వెనక ఆసరా. తేలికది పెడితే ముందుకు బోర్లాపడుతుంది.”

చివరికి బండి ఎంత బరువెత్తగలదో రాసిన ప్లేటు చదువుతాడు. 3 టన్నులని రాసున్నా, మామూలుగా అది సరుకు బరువు ఫోర్కు మొదలు నుంచి 500 మిల్లీమీటర్ల దగ్గర కేంద్రీకృతమైతేనే. పొడుగాటి సరుకైతే తగ్గించుకోవాలి. ప్లేటే లేని బండికి ఆయన బేరమాడనివ్వడు.