తెలిసిన కథలోంచి ఇంకో కథ

పర్ణశాలలో సీతవాగు దగ్గర రాళ్లమీద ఎర్రటి, పచ్చటి చారలుంటాయి. సీతమ్మ చీరలు ఆరేసిన గుర్తులంటారు. భద్రాచలం మీదుగా అక్కడికి వచ్చిన భక్తుడికి సీతమ్మ ఎవరో, అడవికి ఎందుకొచ్చిందో ఎవరూ విడమర్చి చెప్పరు. చోటు చూపిస్తే చాలు, చేతులు జోడిస్తాడు. రామాయణం అతని మనసులో ముందే ఉంది.

సినిమా ఆడాక దాని పూర్వకథలంటూ ఓటీటీలో వచ్చే సిరీస్‌లు కూడా ఇలా చూసేవాడి ఎరుక మీదే నిలబడతాయి. 2024 మేలో వచ్చిన యానిమేషన్ సిరీస్ ‘బాహుబలి: క్రౌన్ ఆఫ్ బ్లడ్’ను మా వాడకట్టులో సింగరేణి రిటైర్డ్ కార్మికుడొకాయన మనవరాలితో చూస్తుంటే నేనూ కూర్చున్నాను. కట్టప్ప కనిపించగానే ఆ పిల్ల, “ఈయనే గదా తాతా, తర్వాత బాహుబలిని పొడిచేది!” అంది. తెరమీద ఏమీ జరగలేదు, అయినా మాకు అతని ప్రతి కదలికా అనుమానమే అయింది.

అదే సిరీస్‌లో మాహిష్మతి మీదికి రక్తదేవుడు దండెత్తి వస్తాడు. ఆ పోరులో బాహుబలి బతుకుతాడా అన్న ఉత్కంఠ నాకు కలగలేదు. 2017 నాటి సినిమా చూసినవాళ్లకు అతని చావు ఎవరి చేతిలోనో తెలుసు. పూర్వకథ రాసేవాళ్లు ప్రాణగండాన్ని నమ్ముకోకూడదు. అన్నదమ్ముల మధ్య విషం ఎక్కడ మొదలైందో చూపిస్తే, ముగింపు తెలిసినవాడే ఎక్కువ ఆరాటపడతాడు.

ఈ విద్యలో నాకు ‘మాయాబజార్’ను మించింది లేదు. 1957లో కె.వి. రెడ్డి తీసిన ఆ సినిమాలో పాండవులు అయిదుగురిలో ఒక్కరూ కనిపించరు. జూదం, అడవి, పోయిన రాజ్యం మనకు తెలుసన్న ధీమాతో కథ వాటి దగ్గర ఎక్కువసేపు ఆగకుండా పెళ్లింట్లోకి నడుస్తుంది. మాయా శశిరేఖగా మారిన ఘటోత్కచుడు పెళ్లిపీట మీద లక్ష్మణకుమారుడి కాలు తొక్కుతుంటే హాలంతా నవ్వుతుంది. భారతం తెలిసినవాడికి ఆ నవ్వు కింద ఇంకోటి ఉంది: కురుక్షేత్రంలో పదమూడో రోజున లక్ష్మణకుమారుడు అభిమన్యుడి చేతిలో చస్తాడు, అదే రోజు అభిమన్యుడూ పోతాడు. శశిరేఖను పెళ్లాడాలనుకున్న ఆ ఇద్దరికీ ఒకటే చావురోజు. సినిమా ఆ ఊసే ఎత్తదు. తెలియని పిల్లవాడు ఘటోత్కచుణ్ణి చూసి కడుపునిండా నవ్వుకుంటాడు, వాడికీ లోటు లేదు. ఇద్దరికీ వడ్డించగలగడమే రాసేవాడి పనితనం.

అసలు వ్యాసుడి భారతంలో శశిరేఖ లేనే లేదు. వాల్మీకి అరణ్యకాండలో లక్ష్మణరేఖా లేదు. అయినా అవి జనం కథలో కలిసిపోయాయి. తర్వాత రాసేవాళ్లకు ఆ గీత కూడా పునాదే, దాన్ని మళ్లీ పరిచయం చేయక్కర్లేదు. పిల్లకథ అనేది తల్లికథకు ఏమైనా చేర్చిందా అని నేను చూసేది అందుకే.

నాకైతే కట్టప్ప చిన్నతనం మీద ఒక సిరీస్ రావాలని ఉంది. యుద్ధాలు వద్దు. తాతముత్తాతలు సింహాసనానికి ఇచ్చిన మాటకు తానూ బానిసనేనని ఆ కుర్రాడికి ఏ రోజు, ఎవరు చెప్పారో, విన్నాక వాడు ఏమన్నాడో చూపిస్తే చాలు.